తలుపుల టీచరమ్మ

మా అత్తయ్య దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న వాళ్లెవరికీ ముందు గేర్లు రాలేదు, తలుపులు వేసుకోవడం వచ్చింది. సీట్లో కూర్చోగానే తాళం పడిన చప్పుడు వినబడాలి, అద్దాలు పైకి వెళ్లాలి, ఆ తరవాతే ఇంజను. సిగ్నల్ దగ్గర ముందు బండి వెనక చక్రాలు కనబడేంత దూరంలో ఆగాలి, లేకపోతే పక్కకు తప్పించుకునే దారుండదు. వెనక నుంచి ఎవడైనా కావాలని గుద్దితే అక్కడే దిగి తగువుకు పోకూడదు, జనం ఉన్న చోటికి వెళ్లి ఆపాలి. ఇన్ని అయ్యాక తీరిక దొరికితే క్లచ్ గురించి చెప్పేది. అందుకే వీధిలో ఆవిడకు తలుపుల టీచరమ్మ అని పేరు. నాకు బండి నడపడం వచ్చేసరికి ఏడాది పట్టిందంటే ఆ పుణ్యం ఆవిడదే.

అన్నిటికంటే పెద్ద పాఠం చివర్లో ఉండేది. కత్తి చూపించి ఎవడైనా కారు అడిగితే మారు మాట్లాడకుండా తాళం ఇచ్చేసి, దిగి, దూరంగా వెళ్లిపోవాలి. "బతికుంటే బలుసాకు తినొచ్చు. కారు ఇనుమే. ఇనుము కోసం ఎవరైనా చస్తారా?" అనేది. ఆ ఇనుమును మాత్రం రోజూ పొద్దున్నే కన్నకూతురికి స్నానం చేయించినట్టు కడిగేది. నేర్చుకునేవాళ్లకూ నేర్పేవాళ్లకూ రెండు వైపులా బ్రేకులున్న పాత కారు. సగం ఇల్లు దాని మీదే నడిచేది.

మిగతా సగం మావయ్య కుట్టుమిషను మీద. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. మెడలో టేపు లేకుండా ఆయన్ని నేను పెళ్లి ఫోటోలో తప్ప చూడలేదు. ఆదివారమైతే అత్తయ్య ఆయన్ని కారులో కూర్చోబెట్టి, తను గరిటె పట్టుకుని దొంగలా వచ్చేది.

"దిగు! తాళం ఇయ్యి!"

"ఇవ్వను. ఏం చేసుకుంటావో చేసుకో."

"ఇచ్చెయ్యాలండీ! వాడు పొడిచేస్తాడు!"

"గరిటెతోనా?"

ఎన్ని ఆదివారాలు గడిచినా ఆయన తాళం ఇవ్వలేదు. "ఈ మొండి మనిషి ఏదో ఒక రోజు కారు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటాడే," అని అత్తయ్య నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకునేది. ఆవిడకు నిజంగానే భయం.

ఒక మధ్యాహ్నం లైనింగ్ గుడ్డ కొనడానికి ముగ్గురం కారులో వెళ్లాం. పని ముగించుకుని మళ్లీ కారెక్కాక, పక్క సీట్లో మావయ్య తన వైపు తలుపు సరిగ్గా వేయలేదని అత్తయ్య అందుకుంది. ఆగిన కారులో ఊరికే కూర్చోకూడదని, చుట్టూ చూసుకోవాలని, గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. ఆవిడ అద్దం కిందికే ఉంది. ఆవిడ తలుపుకు తాళమూ పడలేదు. పాఠం చెప్పేవాళ్లకు అవన్నీ ఎక్కడ గుర్తుంటాయి!

ఆ తలుపే బయటి నుంచి తెరుచుకుంది. ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషి. చేతిలో ఉన్నది గరిటె కాదు.

"దిగు. తాళం బండికే వదిలెయ్."

అత్తయ్య దిగుతుందనే అనుకున్నాను. ఆవిడ స్టీరింగును రెండు చేతులా వాటేసుకుంది.

"ఇవ్వను! ఇది నా కారు! చస్తే ఇవ్వను!"

కత్తి ఆవిడ మెడ దాకా వచ్చింది. వెనక సీట్లో నేను తలుపు గడియ కోసం తడుముకుంటున్నాను. మావయ్య మాత్రం మెల్లగా, "ఇచ్చేస్తున్నాం నాయనా, తొందరపడకు. బెల్టు విప్పుతున్నాను," అని ముందే చెప్పి ఆవిడ బెల్టు విప్పాడు. నన్ను దిగి దూరంగా పొమ్మన్నాడు. తనూ దిగి, ఖాళీ చేతులు కనబడేలా చాపి, చుట్టూ తిరిగి వచ్చాడు. ఆవిడది ఉడుంపట్టు. ఒక్కో వేలూ విప్పి, నడుం పట్టుకుని బయటికి లాగేశాడు.

వాడు ఎక్కి బండిని ఉరికించాడు. గేర్లు గరగరమన్నాయి.

"క్లచ్ పూర్తిగా తొక్కరా దరిద్రుడా!" అని అత్తయ్య రోడ్డు మధ్య నిలబడి అరిచింది. వాడు మలుపు తిరిగేదాకా పాఠం చెబుతూనే ఉంది.

కారు దొరకలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అత్తయ్య మావయ్యతో మాటలు మానేసింది. చేతులారా కారును దొంగకు అప్పజెప్పిన మహానుభావుడట! ఆయన నిమ్మకు నీరెత్తినట్టు మిషను తొక్కుకుంటున్నాడు. నాకే ఒళ్లు మండి వెళ్లి అడిగాను.

"ఆదివారాలు అంత మొండికేసేవాడివి కదా మావయ్యా?"

"అప్పుడు దొంగ మీ అత్తే కదమ్మా. తాళం ఇచ్చేస్తే ఆట అయిపోయి లోపలికెళ్లిపోతుంది. ఆ కాసేపే తను నాతో ఆడేది." దారం ఎక్కించుకుని, "మొన్న కత్తి దాని మెడ మీదుంది. ఇక కారెవడిక్కావాలి?" అన్నాడు.

పాత శిష్యురాలొకావిడ తన కారు ఇచ్చింది, పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. కొత్తగా చేరిన ఆసుపత్రి నర్సమ్మకు ఇంటి ముందే తలుపులు, అద్దాలు, సిగ్నలు అన్నీ చెప్పింది అత్తయ్య. "ఎవడైనా కత్తి చూపించి కారు అడిగితే..." అని మొదలుపెట్టి, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయింది. నర్సమ్మ ఎదురుచూస్తోంది. అత్తయ్య ముందు గది వైపు తిరిగింది.

"ఏమండీ, కాస్త ఇలా రండి. ఈ పాఠం మీరు చెప్పండి."

మావయ్య మిషను ఆపి బయటికొచ్చాడు.

"తాళం ఇచ్చెయ్యాలమ్మా. పక్కనున్న మనిషి వదలనంటే, తిట్టినా సరే, బయటికి లాగెయ్యాలి. ఆ తరవాత నీతో మాట్లాడకపోయినా పరవాలేదు. ఇంట్లో తిరుగుతూ కనబడతారు కదా."

అత్తయ్య ఆ నర్సమ్మ ముందే ఏడ్చేసింది.