కళ్లు మూసుకుంటే పడిపోయే పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టుండి పడిపోతూ ఉండేది. ఆమె మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. భర్త పోయాక మా ఇంటికి వచ్చి మాతోనే ఉండిపోయింది. అప్పటికి ఆమె వయసు నలభై దాటి ఎక్కువ కాలం అయి ఉండదు. అంతకంటే కచ్చితంగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆమె పుట్టిన రోజును ఎవరూ రాసిపెట్టలేదు.

మాది గుంటూరుకు దగ్గరి పల్లె. ఎండలు ముదిరే వేళకు ఊరి చుట్టూ మిరప కల్లాలు ఎర్రగా పరుచుకునేవి. పెద్దమ్మ ఆడవాళ్ల ముఠా ఒకదానితో రోజూ కూలికి వెళ్లి కాయలు తిరగేసేది, రంగు పోయిన తాలుకాయలు ఏరేది, సంచులకు ఎత్తేది. ఆ కూలి వల్లనే మా ఇంట్లో ఆమె ఎవరి దయ కోసమూ చూడకుండా అన్నం తినగలిగేదని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

మొదట్లో నెలకొకసారి పడేది. రెండేళ్లు తిరిగేసరికి వారానికి రెండుసార్లయింది. జ్వరం లేదు, మూర్ఛ లేదు, స్పృహ తప్పడం లేదు. లేచి చీర దులుపుకుని, "ఈ నేలకు నేనంటే మహా ముద్దే" అని నవ్వేది. కాళ్లు ఎడంగా వేస్తూ, నేల వంకే చూసుకుంటూ నడిచేది. గాలి సోకిందని కొందరన్నారు. తాగుతోందని ఎక్కువమంది అన్నారు. తూలే నడకకు అది సులువుగా అతికే కారణం కనుక దానినే ఊరు ఖాయం చేసుకుంది. సరిచూడాలని ఎవరికీ తోచలేదు.

ఒంటిపూట బడుల రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి కల్లానికి వెళ్లేసరికి ముఠా మేస్త్రి అందరి ముందూ ఆమెను నిలదీస్తోంది.

"పట్టపగలే ఎక్కడ పోసుకొచ్చావే?"

"మీ ఆయన నాకేమన్నా మిగిల్చాడా వదినా?" అంది పెద్దమ్మ.

కల్లమంతా నవ్వింది. మేస్త్రి మాత్రం నవ్వలేదు. ఇంకొక్కసారి పడితే మర్నాటి నుంచి రావద్దని, తాగుబోతుల ముఠా అనిపించుకునే ఓపిక తనకు లేదని తేల్చి చెప్పింది. ఇంటికి వచ్చే దారి పొడవునా పెద్దమ్మ నా భుజం పట్టుకుని నడిచింది.

మా పక్కింటి అక్క గుంటూరులో నర్సు చదువు చదివేది. అప్పుడు సెలవులకు వచ్చి ఉంది. సాయంత్రం నన్ను పిలిచి, పెద్దమ్మ ఎప్పుడెప్పుడు పడిందో గుర్తు తెచ్చుకోమంది. నేను చెప్పాను: నూతి దగ్గర మొహానికి సబ్బు రాసుకున్నప్పుడు, సంచుల్లో కాయలు తొక్కుతుంటే ఘాటు లేచి అందరూ కళ్లు గట్టిగా మూసుకున్నప్పుడు, కరెంటు పోయి వంటింట్లో ఏమీ కనిపించనప్పుడు. "ఈ మూడింటికీ కలిసింది ఏమిటి?" అని అడిగింది. చూపు లేకపోవడం అన్నాను. తర్వాత ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించినదాన్ని. విజ్ఞానశాస్త్రంలో నాకు మొదటి పాఠం ఆ ప్రశ్నే.

మర్నాడు బడి విడిచాక అక్క నాతో కల్లానికి వచ్చి దాన్నొక ఆటగా మార్చింది. కాళ్లు రెండూ దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని, ఎవరు ఎక్కువసేపు కదలకుండా నిలబడతారో చూద్దామంది. మేస్త్రి కూడా నిలబడింది. అందరూ నిలబడ్డారు. చివరగా పెద్దమ్మను పిలిచింది. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ పెద్దమ్మ కొంచెం ఊగుతూనైనా నిలిచింది. మూసిన మరుక్షణం కొట్టిన చెట్టులా వాలి అక్క చేతుల్లో పడింది.

"తాగినవాళ్లు కళ్లు తెరిచినా తూలతారు పిన్నీ. ఈవిడ కాళ్లకు నేల తెలియడం లేదు. కళ్లతో చూసుకుని నిలబడుతోంది" అంది అక్క మేస్త్రితో. అది పూర్తి రుజువు కాదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజుకు అది చాలింది. మేస్త్రి దగ్గరకు వచ్చి పెద్దమ్మ నోరు వాసన చూసింది. "ఉల్లిపాయ కంపు తప్ప ఏమీ లేదు. సరేలే, రేపు రా. కళ్లు మాత్రం ముయ్యకు" అంది. పెద్దమ్మ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఘాటువల్ల అనుకున్నాను.

నరాల డాక్టరుకు వెంటనే చూపించమని అక్క మా అమ్మకు గట్టిగా చెప్పి హాస్టలుకు వెళ్లిపోయింది. కల్లాల్లో కాయ పని అయిపోగానే తీసుకెళతానని అమ్మ మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకునేదనే నేను నమ్ముతున్నాను.

అంతలో నేను బడిలో ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. కళ్లు మూసుకుంటే మనిషి పడడమేమిటి, అక్కే తోసి ఉంటుందని ఇద్దరు స్నేహితురాళ్లు ఎగతాళి చేశారు. నమ్మని వాళ్లకు చూపించడం కంటే న్యాయమైన పద్ధతి నాకు తోచలేదు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లను వెంటబెట్టుకొచ్చాను. పెద్దమ్మ పెరట్లో ఉంది.

"ఏమే, నేనేమన్నా తోలుబొమ్మనా, నువ్వు ఆడించడానికి?" అంది. అంటూనే లేచి నిలబడింది. నేనడిగితే ఆమె ఏదీ కాదనేది కాదు.

మొదటిసారి ఊగగానే కళ్లు తెరిచేసింది. స్నేహితురాళ్లు పెదవి విరిచారు. రెండోసారీ అంతే. "ఈసారి తెరవకు పెద్దమ్మా" అన్నాను. తెరవలేదు. వెనక్కి పడింది. వెనక రుబ్బురోలు ఉంది. నేను నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను, బాగా కనిపించాలని.

స్నేహితురాళ్లు పారిపోయారు. అమ్మ పరుగెత్తుకొచ్చింది. తుంటి విరిగిందని తర్వాత తెలిసింది. సాయంత్రం చూడడానికి వచ్చిన మేస్త్రి గుమ్మంలోనే, "ఆదివారం కదా, గట్టిగానే పట్టించి ఉంటుంది" అంది. అమ్మ మంచం పట్టె మీద కూర్చుని, "నిజం చెప్పక్కా. తాగావా?" అని అడిగింది. ఎలా పడిందో ఎవరికీ చెప్పకుండా నేను తలుపు చాటున ఉన్నాను. పెద్దమ్మ నన్ను చూసింది.

"కొంచెం" అంది.

ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయింది. తుంటికి కట్టు కట్టించారు. తాగి పడిన మనిషికి నరాల డాక్టరు ఎందుకని ఆ ప్రయాణం మానుకున్నారు. తర్వాతి సెలవుల్లో అక్క వచ్చి అడిగితే, "నీ ఆట తప్పమ్మా, తనే ఒప్పుకుంది" అంది అమ్మ. అక్క తల వంచుకుంది. నేను ఆ గదిలోనే ఉన్నాను. నోరు విప్పలేదు. పెద్దమ్మ మళ్లీ నడవలేదు. ఆరేళ్లు మంచం మీద ఉండి చనిపోయింది. ఆ ఆరేళ్లలో ఆమె ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఆమెతో ఏకాంతంగా ఉండే అవకాశం రాకుండా నేను చూసుకున్నాను.

ఆమె జబ్బేమిటో నాకు తెలియదు. విటమిన్ లోపం కావచ్చు, అయితే సూదిమందుతో కుదిరి ఉండేది. వంశంలో వచ్చేది కావచ్చు, అయితే ఎవరూ ఏమీ చేయగలిగేవారు కాదు. రెండోదే నిజమైతే నా తప్పు బరువు తగ్గుతుంది. అందుకే ఆ ఊహను నేను నమ్మను. పరీక్ష చేయలేదు కనుక తెలియదు. చేయనివ్వకుండా పోయింది నా వల్ల. రాయదగిన నిజం అంతవరకే.

ఇప్పుడు నేనూ తూలుతున్నాను. యాభై దాటాక మొదలైంది. ఈ ఏడాదిలో నాలుగుసార్లు పడ్డాను. మొన్న మా తమ్ముడు నన్ను గుంటూరులో నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉండేదా అని ఆయన అడిగితే, తమ్ముడే ముందు అందుకున్నాడు.

"మా పెద్దమ్మ పడుతుండేదండి. కానీ ఆవిడ తాగేది లెండి."

"తాగేది కాదు" అన్నాను.

తమ్ముడు నా వైపు తిరిగాడు. జరిగింది మొత్తం అక్కడే చెప్పాను. డాక్టరు ఒక వాక్యం రాసుకున్నారు. ఆ వాక్యం పనికొస్తే నాకు పనికొస్తుంది. ఆమెకు అది కావలసిన నాడు నా దగ్గరే ఉండిపోయింది.

తర్వాత ఆయన నన్ను లేచి నిలబడమన్నారు. కాళ్లు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమన్నారు. నేను వెంటనే మూసుకోలేదు. ముందు ఆయన చేతుల కోసం చూశాను. నన్ను తాకకుండా, నాకు చెరో పక్కన, జానెడు దూరంలో ఆ చేతులు సిద్ధంగా ఉన్నాయి. కల్లం మీద అక్క చేతులూ అలాగే ఉండి ఉంటాయి. ఎంత ప్రయత్నించినా అవి నాకు గుర్తుకు రావు. ఆ రోజు నేను పెద్దమ్మ కళ్లనే చూస్తున్నాను.