ప్రస్థానం పెట్టిన పత్తి బేలు

1976 చలికాలంలో నన్ను తిరువూరు బ్రాంచికి అకౌంటెంటుగా వేశారు. మేనేజరు తర్వాతి కుర్చీ అది. పత్తి సీజనులో అక్కడ నా ముఖ్యమైన పని లెటర్ ఆఫ్ క్రెడిట్ కాగితాలు పరిశీలించడం. కొనే మిల్లు తరఫున దాని బ్యాంకు ఇచ్చే హామీ అది. ఆ బ్యాంకు సరుకును చూడదు. లారీ రసీదు, ఇన్వాయిసు, బీమా సర్టిఫికెట్టు చూసి డబ్బిస్తుంది. ఒక్క తేదీ పొసగకపోయినా తిరగ్గొడుతుంది.

ఒక సోమవారం పెనుగొలను పత్తి వ్యాపారి వెంకటరత్నం గారు కాగితాలు తెచ్చారు. సరుకు కోయంబత్తూరు మిల్లుకు. బీమా గడువు గురువారం. ఆ రోజుకల్లా సరుకు లారీకెక్కాలని సర్టిఫికెట్టు అడుగున సన్నని ఇంగ్లీషులో ఉంది. లారీ రసీదేమో శనివారానిది. అంటే రైతులు ఆయన్ని నమ్మి పోసిన పత్తంతా ఆ క్షణాన బీమా లేకుండా రోడ్డు మీద ఉంది.

ఆయన తొణకలేదు. "గురువారమే బయల్దేరిందండీ. అప్పటికి అన్ని బేళ్ళూ తయారు కాలేదు, శుక్రవారం చూస్తే అమావాస్య. అందుకని ఒక బేలు తెచ్చి మస్తాన్ లారీ ఆఫీసులో ప్రస్థానం పెట్టాం" అన్నారు.

మంచిరోజు దాటిపోతుందనుకున్నప్పుడు ఒక వస్తువును ముందుగా పొరుగింట్లో పెట్టి, ప్రయాణం మొదలైనట్టే అనుకోవడం ప్రస్థానం. ఆ రోజుల్లో నేను ప్రతి ఆదివారం ముహూర్తాలకు వ్యతిరేకంగా చర్చాసభల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఇక ఆగుతానా? చంద్రుడు కనబడకపోతే లారీ టైరు పగులుతుందా అని కౌంటరు దగ్గరే ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన ఓపికగా విన్నారు.

"టైరు సంగతి మస్తాన్‌కి తెలుసు. నాకు కాగితం సంగతి చెప్పండి సార్."

చెప్పాను. ఆయన ముఖం అప్పుడు పాలిపోయింది. నేరుగా లారీ ఆఫీసుకు నడిచారు. నేనూ వెంట వెళ్ళాను. రసీదు మీద గురువారం తేదీ వేసివ్వమని ఆయన అడిగితే మస్తాన్ తల కూడా ఎత్తలేదు.

"బేలొచ్చింది గురువారం, బండి కదిలింది శనివారం బాబాయ్. కావాలంటే బేలుకి వేరే రసీదిస్తా. బండి తేదీ మాత్రం మార్చను."

కొత్త సర్టిఫికెట్టు తెచ్చినా పని జరగదు. బీమా తేదీ సరుకు బయల్దేరిన తేదీకి తర్వాతిదైతే అదీ తప్పే. పాత సర్టిఫికెట్టు మీదనే బీమా కంపెనీ గడువు పెంచి, లారీకెక్కినప్పటి నుంచి రక్షణ వర్తిస్తుందని రాసివ్వాలి. జరిగింది జరిగినట్టు చెప్పమని ఆయన్ని మర్నాడు తొలి బస్సుకు విజయవాడ బీమా ఆఫీసుకు పంపాను. అక్కడి అధికారి మిల్లుకు ట్రంక్ కాల్ చేశాడు. లారీ ఆ ఉదయమే క్షేమంగా చేరిందట. దాంతో రాసిచ్చాడు. బుధవారం కాగితాలు దాఖలయ్యాయి. హామీ గడువు ఇంకా రెండు రోజులుంది.

"ప్రస్థానం పెట్టబట్టే క్షేమంగా చేరింది" అన్నారు వెంకటరత్నం గారు నవ్వుతూ.

"మరి బీమా ఎందుకండీ?" అన్నాను.

"అది మీ బ్యాంకు మొక్కు. మా మొక్కు మేం తీర్చుకున్నాం, మీదీ తీర్చాం."

ఆ మాట మీద తర్వాత ఆలోచించాను. ఆయన పంచాంగం ఏ రోజు ఏది చేయకూడదో తెలుగులో చెబుతోంది. మా కాగితాలు ఇంగ్లీషులో ఒక తేదీ వేసి, ఆ తేదీన ఏది ముగుస్తుందో అడుగున దాచుకున్నాయి. ఆ వారమే మేనేజరు అనుమతితో ప్రతి లెటర్ ఆఫ్ క్రెడిట్‌కూ ఒక తెలుగు చీటీ కుట్టడం మొదలుపెట్టాను. సరుకంతా లారీకెక్కాల్సిన ఆఖరి రోజు, కాగితాలు బ్యాంకుకు చేరాల్సిన ఆఖరి రోజు, బీమా గడువు, ఆ లోపు ఏం జరగాలో అందులో ఉండేవి. నేనక్కడ ఉన్నంతకాలం బీమా గడువు కారణంగా ఒక్క కాగితమూ తిరిగి రాలేదు. మూఢనమ్మకాన్ని వెక్కిరించడం నాకు ముందే వచ్చు. అర్థమయ్యేలా రాసివ్వడం తిరువూరులో నేర్చుకున్నాను. రెంటిలో పనికొచ్చింది రెండోది.