పెద్దమ్మ సమాధికి మొక్క వెతుకుతూ మౌంట్ హ్యారియట్ అడవిలో

అండమాన్ అంటే అందరూ సముద్రం చూడ్డానికి వెళ్తారు. నేను మాత్రం ఒక మొక్క వెతకడానికి వెళ్లాను. మా పెద్దమ్మ కూతురు రూతక్క పోర్ట్ బ్లెయిర్ అంచున డాలీగంజ్‌లో ఉంటుంది. పుట్టిందీ పెరిగిందీ అక్కడే, నర్సు ఉద్యోగం. పెద్దమ్మ ఈ వానల మొదట్లో పోయింది. నవంబరులో సమాధుల పండుగ వస్తుంది కదా, ఆ రోజు చామంతి దండ వేసి ఊరుకోకుండా బతికుండే మొక్క పెట్టాలని అక్క పంతం పట్టింది. చిక్కేమిటంటే పండుగ అయిన వెంటనే అక్కకు క్యాంప్‌బెల్ బే బదిలీ, ఓడలో వెళ్లాల్సిన దక్షిణపు చివరి దీవికి. అంత దూరం నుంచి వచ్చి నీళ్లెవరు పోస్తారు? జనవరి దాటితే అక్కడ చినుకు పడటం కూడా కష్టమే. "కాకినాడలో ఇంటినిండా ఫెర్నులు పెంచుతావు కదే, ఏది ఒంటరిగా బతుకుతాదో వచ్చి చెప్పు" అంది ఫోన్లో. మొక్కల గురించి అడిగితే నేను ఆగే రకం కాదు, వెంటనే టికెట్ తీసేశాను.

పండుగ ముందురోజు పొద్దున్నే చాథమ్ జెట్టీలో పడవెక్కి బంబూఫ్లాట్‌లో దిగాం. పావుగంట ప్రయాణం, టికెట్ చిల్లర డబ్బులే. అక్కడినుంచి మౌంట్ హ్యారియట్ కొండమీదికి ఆటో. రానూపోనూ, మా కోసం ఆగడానికీ కలిపి ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు నూకరాజు. వాళ్ల తాతది శ్రీకాకుళం వైపట. "దీదీ, బీచ్ ఒగ్గేసి జంగిల్‌కా? అక్కడ జలగలు తప్ప ఏటున్నాయి?" అన్నాడు. "ఆకులున్నాయి భయ్యా" అంటే నన్ను అద్దంలో ఓసారి అనుమానంగా చూశాడు. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి. లోపల ఒక్క ఆకు కూడా తెంపకూడదు; మేం వచ్చింది ఏది బతుకుతుందో చూసుకోవడానికే. నేను మందలించకముందే అక్క చేతులు వెనక్కి కట్టేసుకుంది.

కాలాపత్థర్ వైపు వెళ్లే దారి తడితడిగా, నీడగా ఉంది. తీగలా చెట్టుకు చుట్టుకున్న ఫెర్న్ ఒకటి చూపించాను. అది తీగ కాదు, అంత పొడవూ ఒకే ఆకు. అక్క నమ్మలేదు, మొదలుదాకా వంగి చూసి మరీ ఒప్పుకుంది. చెట్టు కొమ్మల్లో బుట్టల్లా కూర్చున్న పక్షిగూడు ఫెర్నులు చూశాం. ఆకు అడుగున గోధుమ చుక్కలు కనబడితే "ఇదేటే, పురుగు పట్టిందా?" అంది. పురుగు కాదు, ఫెర్నుకు విత్తనాల బదులు ఉండే పొడి అందులోనే ఉంటుంది. పేరు తెలియకపోతే ముందు ఆ చుక్కల వరస చూడాలని చెప్పాను. అంతా బాగానే ఉంది గానీ, అక్క ప్రతి మొక్క దగ్గరా అదే ప్రశ్న: "ఎండాకాలం ఆగుతాదా?" ఆగదు. ఇవన్నీ తడిని నమ్ముకున్నవే. మధ్యాహ్నానికి అక్క మొహం చిన్నబోయింది, నా పాండిత్యమంతా దండగనిపించింది.

తిరిగొస్తుంటే ఒక బండరాయి మీద కనిపించింది. పైన పచ్చటి పెద్ద ఆకులు, మొదలు దగ్గర అప్పడాల్లా ఎండిపోయిన పొట్టి ఆకులు. "ఇదీ పోయినట్టే" అని అక్క ముందుకు నడిచింది. నాకు ఆత్రం ఆగక ఆ ఎండాకుల మధ్యకు వేలు పోనిచ్చాను. లోపల చల్లగా, మెత్తగా నల్లమట్టి! ఓక్‌లీఫ్ ఫెర్న్ ఇది. ఆ పొట్టి ఆకులు ఎండినా రాలవు. పైనుంచి పడే చెత్తనంతా పట్టి ఎరువు చేసి మొక్కకు పెడతాయి. వేసవిలో పచ్చాకులు రాలిపోయినా ఇవి ఉంటాయి, వానలకు మొక్క మళ్లీ చిగురేస్తుంది. అక్క వెనక్కొచ్చి అక్కడే చతికిలబడింది. "మా పెరట్లో పనసచెట్టు మీద ఇదే ఉందే. చెట్టుకి పీడని ఏటేటా గీకించేస్తున్నాను" అంది.

మర్నాడు పనసచెట్టు నుంచే ఒక ముక్క కోసి, సమాధి తలవైపు రాతి సందులో కొబ్బరి పీచుతో కూరాం. చుట్టూ వెల్ల వేసిన సమాధులు, విమానంలో వచ్చిన చామంతులు, కొవ్వొత్తులు. పక్క సమాధికి దండ వేస్తున్న సువార్తమ్మ పిన్ని, ఆస్టినాబాద్ నుంచి ఏడాదికోసారి వచ్చే పెద్దావిడ, మా వైపు వంగి ఎండాకు ఒకటి పీకేసింది. "ఇదేటే రూతూ, అమ్మ మీద ఎండుటాకులు ఉంచీసేవు?" అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. "తియ్యకు పిన్నీ. పచ్చాకులకి తిండి పెట్టేవి అవే" అంటూనే ఏడ్చేసింది. పెద్దమ్మ పోయినప్పుడు కూడా అక్క ఏడవలేదని మా ఇంట్లో అందరూ అనుకునేవారు. పిన్ని తను పీకిన ఆకును జాగ్రత్తగా మళ్లీ పీచులోకి దూర్చింది.

నాకు ఫెర్నుల పేర్లు చాలా తెలుసు. ఒక మొక్కను గుర్తుపట్టడం ఒక మనిషికి ఇంత అవసరం కాగలదని మాత్రం అక్కడే తెలిసింది. అక్క ఓడెక్కి వెళ్లిపోయింది. నేనూ ఇల్లు చేరాను. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఫిబ్రవరి, మార్చిల్లో ఈ ఫెర్న్ గోధుమరంగు మూటలా కనిపిస్తుంది, చచ్చిపోయిందనుకోకండి. పోర్ట్ బ్లెయిర్‌లో శ్మశానం పక్కనుంచి వెళ్తూ ఏదైనా సమాధి మీద అలాంటిది చూస్తే, ఎవరూ లేరు పాపం అని జాలిపడి శుభ్రం చెయ్యకండి. అది మా పెద్దమ్మదే అయ్యుండొచ్చు. ఆవిడకు కూతురుంది, ఓడ దూరంలో.