స్కోప్ మీద అరచెయ్యి

చాచా పోయారు. కడప నుంచి ఆయన పెద్దకొడుకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. నేను ఇక్కడ అరబ్బు దేశంలో, రుసైల్ గోడౌన్‌లో డ్యూటీలో ఉన్నాను, లారీలోంచి సరుకు దిగుతోంది. విని, ఫోన్ జేబులో పెట్టుకుని పనిలో పడబోయాను గానీ చేతులు ఆడలేదు. వెళ్లి నీడలో కూర్చున్నాను. ఆయన నాకు చుట్టం కాదు. మాది గోదావరి పక్క, ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం. ఆయన నమాజు తప్పని మనిషి. అయినా ఈ రోజు నేను బతికి ఉన్నానంటే అది ఆయన వల్లే. చనిపోయినవాళ్ల గురించి ఊరికే అనే మాట కాదిది.

రుసైల్‌కి రాకముందు ఇబ్రాలో వేట సామాను, క్యాంపింగ్ సామాను అమ్మే కొట్లో ఇద్దరం పనిచేసేవాళ్లం. అక్కడి కొండల్లో జంతువుల్ని కొట్టనివ్వరు. కానీ లైసెన్సు తుపాకులతో దూరపు గురి కొట్టే పోటీలంటే ఊళ్లవాళ్లకి ప్రాణం. వేటకి వేరే దేశాలు వెళ్లొచ్చేవాళ్లూ ఉండేవారు. అందరికీ తుపాకీ మీద దూరానివి దగ్గరగా చూపే గొట్టం, స్కోప్, కావాలి. ఎవరికి ఏది నప్పుతుందో చూసి బిగించడం చాచా పని. మోతలూ తుడుపులూ నావి.

కొట్లో గోడకేసి చూసి స్కోప్ కొంటానంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. మనిషిని బయటికి తీసుకెళ్లి కొండ చూపించేవారు. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తమనేవారు, అప్పుడు కళ్లు తెరవమనేవారు. చుట్టూ నల్లటి అంచు లేకుండా గుండ్రంగా కనబడితే సరే, మెడ ముందుకు సాగితే మాత్రం స్కోప్‌ని ఇంకాస్త జరిపి బిగించేవారు. "కంటికి మరీ దగ్గర పెట్టినావంటే వెనక్కి తన్ని కనుబొమ్మ పగలగొడతాదప్పా" అని నాతో అనేవారు. ఎంత కిందివాడి తుపాకీ అయినా అడగకుండా ముట్టుకునేవారు కాదు. అనుమతి అడిగి రెండు చేతులా అందుకునేవారు. అక్కడ మనిషి తుపాకీ మీద చెయ్యి వేయడమంటే వాడి చెంప మీద వేసినట్టే.

అలాగని శాంతమూర్తి అనుకునేరు. ఆయన స్క్రూడ్రైవర్ నేను తీసి వేరేచోట పెడితే పూటంతా మాట్లాడేవారు కాదు. టీలో చక్కెర తగ్గితే వీధి చివరిదాకా వినబడేది.

ఒకసారి మా అర్బాబ్‌కి, అంటే కొట్టు యజమానికి, బాగా కావలసిన ఒక పెద్దాయన కొడుకు వచ్చాడు. పోటీకి కావాలంటూ అన్నిటికంటే ఎక్కువ జూమ్ ఉన్న స్కోప్ అడిగాడు.

"ఎండకి గాలి ఉడుకుతుంటే దీంట్లో గురి బోర్డు నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. తొమ్మిది రెట్లది చాలు" అని చాచా అరబ్బీలో నచ్చజెప్పారు.

"బోర్డు మీద ఈగ వాలినా నాకు కనబడాలి" అన్నాడతను.

చాచా నావైపు తిరిగి తెలుగులో గొణిగారు. "ఈగ కనబడతాది సరే. పక్కన ఏనుగు నిలబడినా కనబడదు." గొణుగుతూనే బిగించి ఇచ్చారు. యజమాని మనిషిని కాదనగలమా?

శుక్రవారం పొద్దున్నే ఊరి బయట వాదీలో, అంటే ఎండిపోయిన ఏటిలో, గురి సరిచేయడానికి అతనితోపాటు వెళ్లాం. అతని స్నేహితులూ వచ్చారు. కొత్త స్కోప్ కదా, మొదటి గుళ్లన్నీ బోర్డుకి ఎడమపక్క మట్టిలో పడ్డాయి. ఇంతలో గాలికి బోర్డు ఒరిగింది. కాల్పులు ఆపించి చాచా నన్ను పంపారు. నేను నడిచి వెళ్లి, బోర్డు నిలబెట్టి, దాని అడుగున పెట్టడానికి రాళ్ల కోసం ఎడమ పక్కకి జరిగి వంగాను. ఆ తర్వాత జరిగింది నాకు తెలియదు, చాచా చెప్పగా విన్నది. అతను పడుకుని స్కోప్‌లో చూశాడు. బోర్డు నిటారుగా ఉంది. ఆ చిన్న గుండ్రంలో నేను లేను. వెళ్లిపోయాననుకుని వేలు ట్రిగ్గర్ మీద వేశాడు. గుళ్లు ఏ పక్కకి పడుతున్నాయో నేను సరిగ్గా ఆ పక్కనే ఉన్నాను.

అరిచి, అతనికి అర్థమయ్యేదాకా ఆగే వ్యవధి లేదు. చాచా వంగి స్కోప్ ముందు అద్దాన్ని అరచేత్తో మూసేశారు.

నేను తిరిగొచ్చేసరికి అతను లేచి నిలబడి, మొహం కందగడ్డలా చేసుకుని అరుస్తున్నాడు. స్నేహితుల ముందు ఒక పనివాడు తన తుపాకీ మీద చెయ్యి వేశాడు. చాచా సామాను సర్దుతున్నారు.

"ఏమైంది చాచా?"

"ఏం లేదు. బండెక్కు."

సాయంత్రానికి అర్బాబ్ ఫోన్ చేశాడు. పెద్దలు కూర్చునే వాళ్ల మజ్లిస్‌కి వెళ్లి క్షమాపణ అడగాలి. వాళ్లు ఒప్పుకోకపోతే వీసా క్యాన్సిల్, చాచా ఇంటికే. ఆయన చిన్నకొడుకు చదువు అప్పటికి సగంలో ఉంది. ఆ రెండు రోజులూ చాచా అన్నం సరిగా తినలేదు, నన్ను తిట్టనూ లేదు. నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

"నాకోసమే కదా చేశారు. నేను చెబుతాను చాచా" అన్నాను వెళ్లేటప్పుడు.

"నువ్వు నోరు మూసుకోని నా పక్కన కూచ్చో. నీ మొగం వాళ్లకి కనబడితే చాలు."

మజ్లిస్‌లో దిండ్లకి ఆనుకుని పెద్దలందరూ ఉన్నారు. తండ్రి పక్కన కొడుకు నేలచూపులు చూస్తున్నాడు. చిన్న కప్పుల్లో కాఫీ పోశారు. నేను నా కప్పు గటగటా తాగేసి ఖర్జూరం కూడా నోట్లో వేసుకున్నాను. చాచా నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఆయన తన కప్పు తాగకుండా నేలమీద పెట్టారు. కోరిక ఉన్నవాడు అలా పెడతాడని, అది తీరుస్తామని ఇంటిపెద్ద మాటిచ్చాకే తాగుతాడని నాకెలా తెలుస్తుంది?

పెద్దాయన కప్పు చూశాడు. "అడుగు" అన్నాడు.

ఉద్యోగం అడుగుతారనుకున్నాను.

"తుపాకీ ముట్టుకోవడం తప్పే. దానికి మీరేం చేసినా సరే" అన్నారు చాచా. "ఆ స్కోప్ మాత్రం వెనక్కి ఇప్పించండి. చిన్నది బిగిస్తాను. నా కోరిక అదే."

పెద్దాయన చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత కొడుకువైపు తిరిగాడు.

"ఆ రోజు నీకు ఈ మనిషి కనబడ్డాడా?"

"లేదు" అన్నాడు కొడుకు. ఆ మాట సగమే పైకి వచ్చింది.

పెద్దాయన తనే వంగి, చల్లారిన కాఫీ పారబోసి, కొత్తగా పోసి చాచా చేతికిచ్చాడు. "తాగు" అన్నాడు. చాచా కప్పు అందుకుంటుంటే కొంచెం కాఫీ ఒలికింది. ఎవరూ చూడనట్టు ఊరుకున్నారు.

ఆ పై శుక్రవారం చిన్న స్కోప్‌తో మళ్లీ అదే చోటికి వెళ్లాం. బోర్డు పెట్టడానికి నేను లేవబోతే చాచా భుజం మీద తట్టి కూర్చోబెట్టారు. తనే బయల్దేరారు. మోకాళ్ల నొప్పుల మనిషి, రాళ్లలో ఎంత నెమ్మదిగా నడిచారో చెప్పలేను. పెద్దాయన కొడుకు తుపాకీ ఖాళీ చేసి చాప మీద పెట్టి, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. స్కోప్‌లో చూడలేదు. వట్టి కళ్లతోనే, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరంగా చీమంత అయిపోయిన ఆ ముసలాయన్ని చూస్తూనే ఉన్నాడు. చాచా బోర్డు నిలబెట్టారు, రాళ్లు ఏరారు, అటు తిరిగి ఒకసారి నడుము పట్టుకున్నారు. ఏమాత్రం తొందర లేకుండా మావైపు నడిచి వస్తున్నారు.