బున్‌సన్ కుడి చెయ్యి

బున్‌సన్ ఇరవై ఆరేళ్లు పరాయి ఆడవాళ్ల ఒళ్లు రుద్దింది. బుసాన్‌లో మా స్నానశాల గుమ్మం దగ్గర టికెట్లు, బీరువా తాళంచెవులు ఇచ్చేది నేను. లోపల ఆవిరిలో, రెక్సిను బల్ల పక్కన నల్ల లోదుస్తులతో నిలబడి పనిచేసేది ఆమె. వేడినీళ్లలో నానిన మనిషిని బల్లమీద పడుకోబెట్టి, కుడిచేతికి గరుకు గుడ్డ తొడుక్కుని, మెడ నుంచి మడమ దాకా మట్టి రాలేలా రుద్దేది. తిరగమనడానికి తొడమీద రెండుసార్లు తట్టేది. మాటలు తక్కువ. మా పేటలో సగంమంది వీపులు ఆమెకు మొహాలకన్నా బాగా గుర్తు.

ఆ చేతికి ఇంకొకటి కూడా తెలుసు. రుద్దుతూ రుద్దుతూ రొమ్ము దగ్గర ఆగిపోయేది. "ఇది ఎప్పటినుంచి ఉంది? రేపే ఆస్పత్రికి వెళ్లు" అని చెప్పి, మళ్లీ రుద్దడం మొదలుపెట్టేది. అలా నలుగురిని పంపింది. ముగ్గురు బతికి తిరిగొచ్చి అదే బల్లమీద పడుకున్నారు. వాళ్లలో ఒకామెకు చంకలో గ్రంథులు తీసేశాక చెయ్యి ఉబ్బి, జాకెట్టు కూడా ఎక్కేది కాదు. ఆ చేతికి మాత్రం బున్‌సన్ గుడ్డ తగలనిచ్చేది కాదు, ఉత్త అరచేత్తో సబ్బు రాసేది.

పోయిన వేసవిలో తన గడ్డ తనకే తగిలింది. కుడివైపు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "జోంగ్‌సిమ్, రేపు నేను రాను. ఆస్పత్రికెళ్లాలి" అంది. పాలు తేవడానికి వెళ్తున్నానన్నట్టే చెప్పింది.

నేనూ వెంట వెళ్లాను. గడ్డ సెంటీమీటరున్నర, ఇప్పుడే మొదలు, తీసేస్తే సరిపోతుందన్నాడు డాక్టరు. మామూలుగా దాంతోపాటు, జబ్బు పాకిందేమోనని, చంకలోంచి రెండు మూడు గ్రంథులు కూడా తీసి చూస్తారట.

"చెయ్యి ఉబ్బుతుందా?" అని అడిగింది బున్‌సన్. ఆమె అడిగింది అదొక్కటే.

"కొంతమందికే. మీరేం పని చేస్తారు?"

చెప్పింది. డాక్టరు ఆ చేతికేసి చూశాడు. తర్వాత క్లినికల్ ట్రయల్ సంగతి చెప్పాడు. గడ్డ చిన్నదై, స్కానులో చంక శుభ్రంగా ఉన్నవాళ్లని తీసుకుని, వాళ్లలో సగంమందికి చంక జోలికి పోకుండా వదిలేస్తారట. అలా వదిలేసినా ఏం ఫరవాలేదేమో చూడాలని. ఎవరికి కోస్తారో ఎవరికి వదిలేస్తారో కంప్యూటరు తేలుస్తుంది, డాక్టరు చేతుల్లో లేదు.

"సగం అవకాశం చాలు" అంది బున్‌సన్.

పరిశోధన నర్సు చిన్నపిల్ల, మంచి పిల్ల. తెర చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. ఇదివరకు వేరే క్యాన్సరు వచ్చిందా, ఈ రొమ్ముకు ఆపరేషను అయిందా, గుండె జబ్బుందా. అన్నిటికీ లేదు, లేదు. "అబ్బ, అన్నీ సరిపోయాయి అమ్మా" అని నవ్వి, అంతలోనే ఆగిపోయింది. "అయ్యో. డెబ్భై దాటకూడదు. మీకు డెబ్భై రెండు."

"దానికి అరవై తొమ్మిదైనా నిండలేదు!" అని అరిచింది నేను. బున్‌సన్ తన ఒళ్లోని చేతులు చూసుకుంటోంది.

సంగతేమిటంటే, బున్‌సన్ అనే పేరు ఈమెది కాదు. ఈమెకన్నా మూడేళ్ల ముందు, మా లెక్కలో పాము సంవత్సరంలో, ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. దానికి బున్‌సన్ అని పేరుపెట్టి ఊరి ఆఫీసులో రాయించారు. రెండేళ్లకి తట్టు పోసి ఆ పిల్ల పోయింది. పోయిందని ఎవరూ వెళ్లి చెప్పలేదు. కోతి సంవత్సరంలో ఈమె పుడితే మళ్లీ రాయించకుండా ఆ పేరే, ఆ కాగితమే ఈమెకిచ్చేశారు. యుద్ధం ముగిసిన కొత్తలో అలా చేసిన ఇళ్లు చాలా ఉన్నాయి.

నాకీ సంగతి తెలిసేటప్పటికి ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. నేను పుట్టింది మేక సంవత్సరం, ఆమెకన్నా ఏడాది పెద్దదాన్ని! "ఒసేయ్, మూడేళ్లు నాచేత దణ్ణాలు పెట్టించుకున్నావా!" అని మీదికెళ్తే, "నువ్వు పెట్టావు, నేను పుచ్చుకున్నాను" అంది. కాగితం పుణ్యమా అని అరవై రెండేళ్లకే మెట్రోలో ఉచితంగా తిరిగింది. ప్రభుత్వం పింఛనూ మూడేళ్లు ముందే వచ్చింది. "మీ అక్క నిన్ను పోషిస్తోందే" అని ఏడిపించేదాన్ని. ఆ నోరు ఇప్పుడు తలుచుకుంటే నాకే రోత.

"మేం కాగితం మీద ఉన్నదే చూడాలి అమ్మా" అంది నర్సు.

"క్యాన్సరు కాగితానికా, మనిషికా?"

ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. కాగితం సరిచేయించుకొస్తే తప్పకుండా చేర్చుకుంటామంది. గడ్డ నెమ్మదిగా పెరిగే రకం కాబట్టి రెండు నెలలదాకా ఆగవచ్చని, ఆపైన డాక్టరు ఒక్కరోజు కూడా ఒప్పుకోడని చెప్పింది.

మర్నాడే కోర్టు కాగితాలు రాసే ఆయన దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన విని తలూపాడు. ఇలాంటివి ఏటా చూస్తాడట. సాక్ష్యం చెప్పే పెద్దవాళ్లుంటే రెండు నెలల్లోపే అయిపోతుందన్నాడు. బున్‌సన్‌కి తొంభై ఒక్కేళ్ల పిన్ని ఉంది, హాప్‌చన్‌లో, మాట ఇంకా గట్టిగానే ఉంది. ఇంకేం కావాలి!

"ముందు మీ అక్కగారి మరణం నమోదు చేయించాలి. తర్వాత మీ పుట్టుక రాయిస్తాం. పేరు కూడా మీకు నచ్చింది పెట్టుకోవచ్చు" అని ఒక కాగితం ముందుకు జరిపాడు.

మొదటి గడిలో మరణించినవారి పేరు. గ్వాక్ బున్‌సన్ అని ఆయనే రాశాడు. రెండో గడిలో మరణించిన తేదీ. బున్‌సన్ కలం పట్టుకుని కూర్చుంది. ఆమెకు తేదీ తెలీదు. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. కలం కింద పెట్టి, "పిన్నిని అడిగొస్తాను" అంది.

అక్కడే మెట్ల మీద కూర్చుని ఫోను చేసింది. పిన్నికి చెవుడు కదా, ఆమె అరుపులన్నీ నాకూ వినిపించాయి.

"తేదీ ఎవరికి గుర్తే? బార్లీ కోతలప్పుడు. పొద్దున పోయింది. మీ నాన్న ఆఫీసుకెళ్లి చెప్పొస్తానంటే మీ అమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఫొటో లేదు, సమాధి లేదు, ఆ పేరొక్కటే ఉంది, దాన్నీ కొట్టేయిస్తావా అని. నువ్వు పుట్టాక గానీ లేవలేదనుకో. ఎందుకే ఇప్పుడు?"

"ఏం లేదు పిన్నీ. అన్నం తిన్నావా?" అని ఫోను పెట్టేసింది.

మళ్లీ లోపలికి రాలేదు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "దయ్యం పట్టిందా నీకు? ఎప్పుడో పోయిన పసిదాని కోసం చెయ్యి పోగొట్టుకుంటావా? మీ అమ్మా లేదు, అదీ లేదు. నువ్వున్నావు!"

"ఉన్నాను" అంది. "ఆ గడి నేను నింపలేను జోంగ్‌సిమ్. చెయ్యి లేవలేదు."

రోజూ అడిగాను. రోజూ అదే జవాబు. ఏడవలేదు, పోట్లాడలేదు. గోడకి చెప్పుకున్నట్టయింది. చేరినా చీటీ ఎటు పడేదో ఎవరికి తెలుసులే అని చివరికి నేనే నాకు చెప్పుకున్నాను. ఆ మాటకి కడుపుమంట చల్లారలేదు.

ఆపరేషను రోజు బండి మీద తోసుకెళ్తూ నర్సు మణికట్టు పట్టీ చూసి, "పేరు, పుట్టినతేదీ చెప్పండమ్మా" అంది.

"గ్వాక్ బున్‌సన్. యాభై మూడు, మార్చి పద్నాలుగు."

తడుముకోకుండా చెప్పింది. తలుపులు మూసుకున్నాయి. నేను బయట కూర్చున్నాను. నాకేమీ అనిపించలేదు, దానికే భయమేసింది.

గడ్డ పూర్తిగా పోయింది. చంకలో తీసిన మూడు గ్రంథులూ శుభ్రంగా ఉన్నాయన్నారు. అంటే తీయకపోయినా సరిపోయేదన్నమాట. జనవరికి చెయ్యి ఉబ్బింది. ముంజేతికి బిగుతు తొడుగు వేసుకుని ఒకరోజు పనికి వచ్చింది. రెండు వీపులు రుద్దేసరికి వేళ్లు మడతపడలేదు. గరుకు గుడ్డలు ఉతికి ఆరేసి, బల్ల తుడిచి, తన తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది. ఆ బల్ల ఇప్పుడు వేరే ఆమె చూస్తోంది. తట్టకుండా, నోటితో "తిరగండి" అంటుంది.

మార్చి పద్నాలుగున పొద్దున్నే ఫోను చేసి, టిఫినుకు రమ్మంది. వెళ్లేసరికి కుండలో సముద్రపు నాచు చారు ఉడుకుతోంది. పుట్టినరోజు చారు. మా అందరిలాగే ఆమె తన అసలు పుట్టినరోజుకి, కోత పండగ ముందు, వండుకునేది. కాగితం మీది అక్క తేదీకి బ్యాంకు నుంచి శుభాకాంక్షలు వస్తే చదవకుండా చెరిపేసేది. ఇన్నేళ్లలో ఆ రోజున పొయ్యి మీద ఈ కుండ నేను చూడలేదు.

ఎడమచేత్తో గరిటె పట్టుకుని, ఒలకబోస్తూ, రెండు గిన్నెల్లో పోసింది. ఒకటి తన ముందు పెట్టుకుంది. రెండోది ఎదురుగా పెట్టి, పక్కన చెంచా పెట్టింది. నేను అక్కడ కూర్చుని చెంచా అందుకోబోయాను. ఉబ్బిన ఆ కుడిచేత్తో నా చెయ్యి పక్కకి తోసింది.

"అది నీది కాదు. నీది కుండలో ఉంది, పోసుకో."