నాకు దక్కని సింగిల్ బ్యారెల్

నాకు కోపం ఎక్కువ. ఇందులో దాచేదేం లేదు, మైలాపూరులో మా వీధికి వచ్చే కూరగాయల బండాయనకు కూడా తెలుసు. నలభై ఆరేళ్ళ వయసులో, తుపాకీతో ఎగిరే మట్టి బిళ్ళల్ని కొట్టే క్లే షూటింగ్ నేర్చుకుంటానంటే ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు, అన్న ఒక్కడు తప్ప. మా ఇంట్లోనే కింది వాటాలో ఉంటాడు అన్న. పదేళ్ళుగా ఊరి బయట రేంజ్‌కి వెళ్ళి కాలుస్తున్నాడు. "రా పాపా, ఆడ నువ్వెంత అరిచినా ఎవురూ ఏమీ అనుకోరు" అని తనే కారెక్కించుకుని తీసుకుపోయాడు.

నిజంగానే అక్కడ అరవాలి. "పుల్" అని గట్టిగా అరిస్తేనే యంత్రం నారింజరంగు మట్టి బిళ్ళను గాల్లోకి విసురుతుంది. అది తునకలైతే నా ఒళ్ళంతా తేలికపడేది. నేను అరిస్తే ఎవరూ నొచ్చుకోని చోటు నా జన్మకు అదొక్కటే.

క్లబ్బులో కొత్తవాళ్ళకిచ్చే తుపాకులు రెండే. ఎండలో వంతు కోసం నిలబడాలి. పైగా భుజానికి ఆనించే కర్ర నాకు మరీ పొడవు, పేల్చినప్పుడల్లా భుజం కమిలిపోయేది. సొంతానికి ఒకటి కొనుక్కోమని చెప్పింది కూడా అన్నే. ఫారిన్ డబుల్ బ్యారెల్ నా జీతానికి అందే సరుకు కాదు. "నీకెందుకు రెండు గొట్టాలు? ఒక బిళ్ళకు ఒక తూటా చాలు. రెండోది ఉండాదిలే అనుకుంటే మొదటిది గురి తప్పుతుంది" అన్నాడు.

మౌంట్ రోడ్డు వెనక సందులో ఉన్న పాత తుపాకుల షాపుకు వరసగా నాలుగు శనివారాలు పోయాం. మొదట ఒకటి ముచ్చటగా, చేతిలో తేలిగ్గా కనబడితే నేను ఎగిరి గంతేశాను. అన్న దాన్ని లాక్కుని పక్కన పెట్టేశాడు. "తేలికదైతే తన్నుతుంది పాపా. కొంచెం బరువుండల్ల." ఇంకోదానికి గొట్టం కొస మరీ ఇరుకు, గుళ్ళు విచ్చుకోవు, కొత్తవాళ్ళకు బిళ్ళ తగలదన్నాడు. నాలుగో శనివారం గీతలు పడిన కర్రతో ఒక పాత దేశవాళీ సింగిల్ బ్యారెల్ తుపాకీ దొరికింది. నా మోచేయి మడిపించి, ఆ మడతలో కర్ర ఆనించి, వేలు ట్రిగ్గర్‌కు అందుతుందో లేదో వంగి చూశాడు అన్న. సరిగ్గా అందింది. "నీ కొలత తీసి చేసినట్టుండాది" అన్నాడు. లైసెన్స్ వచ్చేదాకా పక్కన పెడతానని షాపు ముసలాయన మాటిచ్చాడు. పెళ్ళిచీర ఎంచుకున్నప్పుడు కూడా నాకంత సంబరం లేదు.

దరఖాస్తు అన్నే నింపాడు. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారని నేను భయపడుతుంటే "నేను చూసుకుంటా కదా, నువ్వు గమ్మునుండు" అన్నాడు.

ఆ ఆదివారమే రేంజ్‌లో ఇరవై అయిదింటికి పంతొమ్మిది కొట్టాను. అన్నకు పద్నాలుగు. "ఇంక చెల్లెలి దగ్గర పాఠాలు చెప్పించుకోండి సార్" అన్నాడు కోచ్. అందరూ నవ్వారు, అన్న కూడా నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు కార్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఎండదెబ్బేమో అనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

ఆ వారంలోనే, నేను ఆఫీసులో ఉండగా, పోలీసులు వచ్చి విచారించి వెళ్ళారట. రెండు నెలలకు దరఖాస్తు తిరస్కరించినట్టు కాగితం వచ్చింది. నిప్పులు కక్కుకుంటూ స్టేషనుకు పోయాను. అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ మంచి మనిషి. కూర్చోబెట్టి, ఫైలు తెరిచి, తమిళంలో చదివి వినిపించింది. దరఖాస్తుదారుకు కోపం అదుపులో ఉండదు. తండ్రి చనిపోయిన రోజు గాజు సీసా గోడకేసి కొట్టింది. ఆయుధం ఇవ్వడం మంచిది కాదు. "ఎవరు చెప్పారని మాత్రం అడక్కండమ్మా" అంది.

అడగక్కర్లేదు. నాన్న పోయిన ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నది ఇద్దరమే, నేనూ అన్నా. నాన్న జబ్బుకు వాడిన మందు ఇంకా సగం మిగిలి ఉన్న సీసా చూసి తట్టుకోలేక గోడకేసి కొట్టాను. అప్పుడు నన్ను పట్టుకుని బావురుమన్నది అన్నే. పెంకులన్నీ చేత్తో ఏరి, "అమ్మకు తెలియనియ్యను పాపా" అన్నాడు. అమ్మకు తెలియనివ్వలేదు, నిజమే. పన్నెండేళ్ళు కడుపులో దాచి పోలీసులకు చెప్పాడు. నా ఏడుపును తీసుకుపోయి కోపమని రాయించాడు. ఛీ, అంతకన్నా ఆ రోజు కోచ్ ఎదుటే అన్న నా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది.

నేరుగా కింది వాటాకే పోయాను. వదిన నా ముఖం చూసి, కాఫీ టంబ్లర్ చేతిలో పెట్టి లోపలికి తప్పుకుంది. "ఎందుకు చెప్పినావన్నా?" అన్నాను.

అన్న తడుముకోలేదు. "నీ మంచికే. నేనేమన్నా అబద్ధం చెప్పినానా పాపా?"

టంబ్లర్ వేళ్ళను కాలుస్తోంది. అప్పీలు చేసుకోవచ్చని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పింది. చేస్తే మళ్ళీ విచారణకు వస్తారు, మళ్ళీ ఇంట్లోవాళ్ళనే అడుగుతారు. నేనిప్పుడు అరిస్తే అన్న చెప్పిందానికి ఇంకో రుజువు దొరుకుతుంది. అరవకపోతే గుండె పగిలేట్టుంది.

"లేదన్నా, నువ్వు అబద్ధం చెప్పలేదు" అన్నాను. అది నా గొంతులాగే లేదు. టంబ్లర్ చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాను. అన్న అప్పటిదాకా నా ముఖం చూడలేదు, ఆ టంబ్లర్‌నే చూస్తున్నాడు. నేను దాన్ని కింద పెట్టాకే బిగబట్టిన ఊపిరి వదిలాడు.