చీర అంచు పీలిక

పోయిన మంగళవారం పొద్దున మా పక్కింటి ఆంటీ కన్నుమూశారు. నేను దీపం పెట్టి లేస్తుంటే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మ ఇక లేదక్కా" అన్నాడు. మళ్లీ దీపం ముందే కూర్చున్నాను. ఏమని దణ్ణం పెట్టుకోవాలో తోచలేదు.

కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్లు విమానాల నిండా సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. పెళ్లైన కొత్తలో మావారి వెంట బిషాన్‌లోని ఈ ఫ్లాట్‌కి వచ్చాను. ఏడాది తిరక్కుండానే నా వీపు, పొట్ట, తొడలు ఎర్రబడి పొలుసులు రాలడం మొదలైంది. సొరియాసిస్, అంటుకోదు అని డాక్టర్ చెప్పినా మావారు తన పడక హాల్లోకి మార్చుకున్నారు. గుళ్లో నేను ప్రసాదం పెడితే చాచిన చేతులు వెనక్కి పోయేవి. "కొన్నాళ్లు మీ ఊళ్లో ఉండు, తగ్గాక వద్దువు గాని" అన్నారాయన. తగ్గదని ఇద్దరికీ తెలుసు.

పదో అంతస్తు కారిడార్‌లో పిట్టగోడ పట్టుకుని కిందికి చూడడం అలవాటైంది నాకు. ఒక మధ్యాహ్నం ఆంటీ వచ్చి పక్కన నిలబడ్డారు.

"కింద ఏముంది లా, అంతసేపు చూస్తున్నావ్?"

"ఏం లేదాంటీ."

"ఏం లేనిదానికి చెప్పులెందుకు విప్పావు?"

నా మణికట్టు పట్టుకుని తన ఇంట్లోకి లాక్కెళ్లి కంచంలో అన్నం పెట్టారు. "ముందు మకాన్, తర్వాత ఏడుపు" అనేవారు ఎప్పుడూ. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగారు. ఆవిడ తెలుగులో తమిళమూ మలయ్ భాషా కలిసిపోయి ఉండేవి; 'లా' ఇక్కడివాళ్ల ఊతపదం, 'మకాన్' అంటే మలయ్‌లో తిండి.

ఒంటికి ఎండ, ఉప్పునీళ్లు తగలాలన్నాడు డాక్టర్. కిటికీలోంచి కిటికీ కనిపించే ఈ ఊళ్లో ఒళ్లు ఎక్కడ చూపను? ఆ మాటే ఏడుస్తూ చెప్పాను. ఆ ఆదివారం ఆంటీ ఫెర్రీలో, ఆపైన ఒక చిన్న పడవలో నన్ను తీసుకెళ్లారు. సముద్రానికి అడ్డంగా పడుకున్న సన్నటి ఇసుక దీవి అది. పెళ్లైన కొత్తలో అంకుల్‌తో పీతలు పట్టడానికి వెళ్లేవారట. అవతలి ఒడ్డున కొందరు బట్టల్లేకుండా స్నానాలు చేస్తారనీ, ఒకరినొకరు పట్టించుకోరనీ ఆవిడకు అప్పుడే తెలిసిందట.

"ఆంటీ, ఈ ఒడ్డుకి చీరల్లో వచ్చింది మీరే" అని పడవవాడు నవ్వాడు.

"తిరిగి వెళ్లేటప్పుడు కూడా చీరల్లోనే వెళ్తాం, నువ్వు ఆశ పడకు" అన్నారు ఆంటీ.

నిజంగానే ఒక ముసలి తెల్లాయన ఒంటిమీద నూలుపోగు లేకుండా పేపర్ చదువుకుంటున్నాడు. ఆంటీ లిఫ్ట్‌లో పలకరించినట్టు "గుడ్ మార్నింగ్" అన్నారు. ఆయనా అన్నాడు. నేను రామనామం చెప్పుకుంటూ ఇసుకలోకి చూశాను.

నీళ్లలో వరుణుడుంటాడు, బట్ట లేకుండా దిగకూడదని మా అమ్మ నేర్పింది. ఇంట్లో కూడా తువ్వాలు చుట్టుకునే స్నానం చేసేదాన్ని. ఆ తడిబట్టకే మచ్చలు ఒరుసుకుని రక్తం కారేది. "నావల్ల కాదాంటీ, పాపం తగులుతుంది" అన్నాను.

ఆవిడ తన చీర అంచు పళ్లతో కొరికి రెండు పీలికలు చింపారు. ఒకటి నా నడుముకి కట్టారు.

"మొలతాడు ఉంటే దిగంబరం కాదని మా నాన్న అనేవాడు. ఇదిగో నీ బట్ట. ఇక దేవుడికేం చెప్తావ్?"

రెండోది తన నడుముకి కట్టుకుని చీర విప్పేశారు. ఆవిడ పొట్టమీద అడ్డంగా పాత ఆపరేషన్ కుట్టు. "నువ్వొక్కదానివే ఎందుకు, పద" అన్నారు. ఉప్పునీళ్లు తగలగానే ఒళ్లంతా మంటెత్తి కేక పెట్టాను. నా పొలుసుల వీపు మీద ఆవిడ అరచెయ్యి పెట్టి, మంట తగ్గేదాకా తీయలేదు. అప్పటికి ఎన్ని నెలలైందో ఒక మనిషి నా మచ్చల మీద చెయ్యి వేసి.

ఆ రాత్రి మావారితో "నేను ఊరికి వెళ్లను" అన్నాను. తర్వాత కూడా ఆంటీతో చాలాసార్లు ఆ దీవికి వెళ్లాను. జబ్బు వస్తూ పోతూనే ఉంది. ఈమధ్య మళ్లీ వచ్చింది. ఇప్పుడు పిట్టగోడ దగ్గర నిలబడితే నా కాళ్లకు చెప్పులున్నాయో లేవో చూసేవాళ్లు లేరు.

మంగళవారం ఆవిడకు ఆఖరి స్నానం చేయించే ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. పొట్టమీద ఆ కుట్టు మీదుగా మెల్లగా నీళ్లు పోశాను. తడిబట్ట తీసేముందు నా చీర అంచు చింపి ఆవిడ నడుముకి కట్టాను.

"ఇదేం ఆచారమమ్మా?" అంది వాళ్ల బంధువు ఒకావిడ.

"మా ఇద్దరిదీ" అన్నాను.

ఇంటికొచ్చి ఆ చీర ఉతికి, కిటికీ బయట వెదురుకర్రకు ఆరేశాను, ఇంతవరకు తీయలేదు. చింపిన చోట ఊడిన దారాలు ఇంకా గాలికి ఊగుతున్నాయి.